కలర్ బ్లైండ్ కళ్ళజోడు కొనబోయే వాళ్ళకి

ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలియని వాళ్ళ కోసమని అమ్మే కళ్ళజోళ్ళ ప్రకటనల్లో ఎప్పుడూ ఒకే రకం వీడియో కనిపిస్తుంది. జోడు పెట్టగానే మనిషికి నోటమాట రాదు, కళ్ళు తుడుచుకుంటాడు, చుట్టూ ఇంట్లోవాళ్ళు చప్పట్లు కొడతారు. అదంతా నటన అనడం అన్యాయం. అయితే ఆ మనిషికి అప్పుడు కనిపించింది మిగతా అందరికీ కనిపించే ‘అసలు రంగు’ మాత్రం కాదు. దాన్ని ఏ అద్దమూ చూపించలేదు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ జోడు చేత డబ్బుకి తగ్గ పని చేయించుకోవచ్చు. తెలియకపోతే నెల తిరిగేసరికి అది బీరువాలో పడి ఉంటుంది.

ఇప్పుడు దొరికేవి మూడు రకాలు. అమెరికాలోని ఎన్‌క్రోమా లాంటి కంపెనీలు చేసే నాచ్ ఫిల్టర్ అద్దాలు, అంటే వెలుగులో ఒక ముక్కని మాత్రం కోసేసేవి, ఒక రకం. ముదురు గులాబీ, ఊదా రంగులు పూసి ఆన్‌లైన్లో వెయ్యికీ రెండువేలకీ అమ్మే మామూలు టింట్ అద్దాలు ఇంకో రకం. ఒక్క కంటికే పెట్టుకునే ఎర్ర కాంటాక్ట్ లెన్స్ మూడోది. మూడింటినీ ఒకే పేరుతో అమ్ముతున్నారు కానీ చేసే పని ఒకటి కాదు. ఆ తేడా అర్థం కావాలంటే ముందు కంటి సంగతి చూడాలి.

కంట్లో ఏం జరుగుతుంది

కంటి వెనక పొర అయిన రెటీనాలో రంగుకి పనికొచ్చే కోన్ కణాలు మూడు రకాలు. వెలుగు తరంగం పొడవుని నానోమీటర్లలో కొలుస్తారు, నీలం వైపు తక్కువ, ఎరుపు వైపు ఎక్కువ. ఒక రకం సుమారు 420 నానోమీటర్ల వెలుగుకి, ఇంకోటి 530కి, మూడోది 560కి గట్టిగా స్పందిస్తాయి. చివరి రెంటి మధ్య ఎడం 30 నానోమీటర్లే. ఏ కోన్‌కీ విడిగా రంగు తెలియదు. తన మీద ఎంత వెలుగు పనిచేసిందో అంతవరకే చెబుతుంది. 530 కోన్ చెప్పిన లెక్కనీ 560 కోన్ చెప్పిన లెక్కనీ పక్కపక్కన పెట్టి తీసివేస్తే వచ్చేదే ఎరుపు-ఆకుపచ్చ తేడా. మిరపపండు కొన్ని తరంగాలని మింగి కొన్నిటిని వెనక్కి పంపుతుంది, దాని వంతు అక్కడితో అయిపోయింది. ఎరుపు అనేది ఆ తీసివేత తర్వాత మన మెదడు పెట్టుకున్న గుర్తు. వాడుకలో ‘మామూలు చూపు’ అనేది కూడా ఇలాంటి లెక్కల్లో ఒకటే, కాకపోతే ఎక్కువమందిది.

530, 560 కోన్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే, దాదాపు ఒకేలా ఉంటాయి. అందువల్ల తరం మారేటప్పుడు ఒకదాని ముక్క ఇంకోదాంట్లో కలవడం తరచుగా జరుగుతుంది. మగవాళ్ళకి ఎక్స్ ఒక్కటే కాబట్టి లోపం ఎక్కువగా వాళ్ళలో బయటపడుతుంది. అమ్మమ్మ గారింట్లో తాతకి ఉన్నది కూతురిలో కనిపించకుండా ఆమె కొడుక్కి వచ్చేది ఇలాగే. ఈ రకం తండ్రి నుంచి కొడుక్కి రాదు. యూరప్ మూలాలున్న మగవాళ్ళలో నూటికి దాదాపు 8 మందికి, ఆడవాళ్ళలో రెండొందలకి ఒకరికి ఉంటుంది. మన దేశంలో ప్రాంతాన్ని, వర్గాన్ని బట్టి లెక్క మారుతుంది గానీ సాధారణంగా అంతకంటే తక్కువే.

కొనేవాళ్ళు తప్పనిసరిగా తెలుసుకోవాల్సింది తమ రకం. 530 కోన్ ఉండి కూడా దాని స్పందన 560 వైపు జరిగిపోతే డ్యూటరానమలీ. అందరికంటే ఎక్కువమందికి ఉండేది ఇదే. 560 కోన్ స్పందన 530 వైపు జరిగితే ప్రొటానమలీ. ఈ రెండో రకం వాళ్ళకి ఎరుపు మసగ్గా, నల్లటి ఛాయలో కనిపిస్తుంది. 530 కోన్ పూర్తిగా లేకపోతే డ్యూటరనోపియా, 560 కోన్ లేకపోతే ప్రొటనోపియా. జరిగిపోయిన వాళ్ళకి తీసివేతలో ఎంతో కొంత శేషం మిగులుతుంది. లేని వాళ్ళకి తీసివేయడానికి రెండో అంకే లేదు. అద్దాల లాభం మొత్తం ఈ ఒక్క తేడా మీద నిలబడి ఉంది.

అద్దం చేసే పని

పసుపు నుంచి నారింజ దాకా ఉన్న వెలుగుకి రెండు కోన్లూ ఇంచుమించు ఒకే మోతాదులో స్పందిస్తాయి. నాచ్ ఫిల్టర్ ఆ భాగంలో, ముఖ్యంగా 580 నానోమీటర్ల చుట్టుపక్కల, ఒక పెద్ద ముక్కని కోసేస్తుంది. అటు ఆకుపచ్చ, ఇటు ఎరుపు లోపలికి పోతాయి. రెండు కోన్లూ ఒకే మాట చెప్పే చోటు తగ్గిపోయింది కాబట్టి తీసివేతలో శేషం కాస్త పెరుగుతుంది. అంతే, ఇందులో ఇంకే మాయా లేదు. అద్దం వెలుగుని తీసేయగలదు, కొత్తగా కలపలేదు. కాబట్టి కోన్ జరిగిపోయిన వాళ్ళకి ఉపయోగం ఉండొచ్చు. కోన్ అసలే లేని వాళ్ళకి ఆ లేని కోన్ లెక్క పుట్టుకొచ్చే అవకాశం లేదు, కొన్ని వస్తువులు కాస్త వెలుగుగానో మసగ్గానో తేడాగా కనిపిస్తాయి అంతే.

ఈ ఫిల్టర్ల పుట్టుక కూడా పని దగ్గరే. గాజు ఊదే కార్మికులు చాలాకాలంగా డిడిమియం అద్దాలు వాడుతున్నారు. మంటలో సోడియం వల్ల వచ్చే పసుపు కాంతిని అవి ఆపుతాయి, దాంతో గాజు స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్‌క్రోమా స్థాపకుల్లో ఒకరైన డాన్ మెక్‌ఫర్సన్ గాజు శాస్త్రవేత్త. లేజర్ శస్త్రచికిత్స చేసే డాక్టర్ల కళ్ళకి రక్షణగా ఆయన చేసిన అద్దాలని ఆటస్థలంలో కలర్ బ్లైండ్ స్నేహితుడొకరు పెట్టుకుని చూడడంతో ఈ వాడకం బయటపడింది.

నాచ్ అంటే ఏమిటో ఇంట్లోనే చూడొచ్చు. గది చీకటి చేసి గ్యాస్ స్టవ్ చిన్న మంట మీద పొడి ఉప్పు చిటికెడు చల్లండి. మంట పసుపుగా మండుతుంది. ఆ పసుపు దాదాపు పూర్తిగా 589 నానోమీటర్ల వెలుగు. పక్కనే ఫోన్ తెర మీద అదే పసుపు రంగు బొమ్మ పెట్టండి. ఉత్తి కంటికి రెండూ పసుపే. ఇప్పుడు జోడు అడ్డం పెట్టండి. ఫిల్టర్ మంచిదైతే మంటలోని పసుపు గట్టిగా మసకబారి కింద నీలి మంట బయటికి కనిపిస్తుంది. ఫోన్‌లోని పసుపు కొంచెం తగ్గినా అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ తెర మీద పసుపు వెలుగే లేదు, పక్కపక్కన వెలిగే ఎర్ర చుక్కలూ ఆకుపచ్చ చుక్కలూ ఉన్నాయి. బయట వేరువేరుగా ఉన్న రెండు వెలుగులని ‘మామూలు’ కన్ను ఒకటే అని తేల్చేసింది, అద్దం వాటిని విడదీసింది. కలర్ బ్లైండ్ కన్ను కూడా ఇలాగే రెంటిని ఒకటిగా తేలుస్తుంది. అది తేల్చే జతలు వేరు, వాటి సంఖ్య ఎక్కువ.

ఈ పరీక్షలోనే అద్దాల అసలు బలహీనత కూడా ఉంది. ఒక జతని విడదీసే ఫిల్టర్ ఇంకో జతని కలిపేస్తుంది. జోడు లేనప్పుడు చక్కగా తెలిసే రెండు రంగులు జోడు పెట్టాక ఒకటిగా కనిపించొచ్చు. అమ్మేవాళ్ళు ఎప్పుడూ విడిపోయే జతలనే చూపిస్తారు, కలిసిపోయే జతలని వెతికి చూసుకోవాల్సింది కొనేవాళ్ళే.

పరిశోధనలు చెప్పేది

2018లో స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎన్‌క్రోమా అద్దాలని కలర్ బ్లైండ్ వ్యక్తుల మీద పరీక్షించారు. రంగుల పరీక్షల ఫలితాలు మెరుగవలేదనీ, మామూలు చూపుకి దగ్గరగా రంగులు కనబడే పరిస్థితి రాలేదనీ తేల్చారు. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు, ఫ్రాన్స్ సహచరులతో కలిసి, ఇంకో కోణంలో చూశారు. కోన్ జరిగిపోయిన వాళ్ళు ఈ అద్దాలని కొన్ని రోజులపాటు పెట్టుకుంటే ఎరుపు-ఆకుపచ్చ తేడాకి స్పందన పెరిగిందనీ, ఆ పెరుగుదల అద్దాలు తీసి పరీక్షించినప్పుడు కూడా కనిపించిందనీ వాళ్ళు రాశారు. ఈ రెండు ఫలితాలూ పోట్లాడుకోవడం లేదు. మొదటిది అద్దం పెట్టగానే ఏం జరుగుతుందో చూసింది, రెండోది మెదడు ఆ తేడాని వాడుకోవడం నేర్చుకుంటే ఏమవుతుందో చూసింది. మొదటి నిమిషంలో వచ్చే ఆశ్చర్యం కంటే పదో రోజు పరిస్థితే మీకు ముఖ్యం.

మొదటి నిమిషం మీద నమ్మకం పెట్టుకోకూడదని ఇంకో కారణం కూడా ఉంది. గులాబీ ఛాయ ఉన్న అద్దం పెట్టగానే లోకమంతా ఆ ఛాయలోకి మారుతుంది. పది పదిహేను నిమిషాల్లో మెదడు ఆ ఛాయని లెక్కలోంచి తీసేస్తుంది, తెల్ల చొక్కా మళ్ళీ తెల్లగా అయిపోతుంది. సాయంత్రం ఎండలోనూ ట్యూబ్‌లైట్ కిందా ఒకే కాగితాన్ని మనం తెలుపు అనగలుగుతున్నది ఈ సర్దుబాటు వల్లే. కొత్తదనం తగ్గాక మిగిలిందే అద్దం ఇచ్చిన లాభం. ఇరవై నిమిషాలు పెట్టుకోనివ్వని షాపులో కొనకండి.

రంగు చూపులో ఈ తేడా కంటిలోపలి నీటికి రంగు ఉండడం వల్లే వస్తోందని ఊహించినవాడు సామాన్యుడు కాదు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ జెరేనియం పువ్వు పగలు తనకి నీలంగా, కొవ్వొత్తి వెలుగులో ఎరుపు ఛాయగా కనిపించడం గమనించి, తన చూపు మీద 1794లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ప్రసంగం చేశాడు. తన కంటిలోపలి ద్రవం నీలంగా ఉండి ఎరుపుని మింగేస్తోందని ఆయన నమ్మకం, అంటే లోపల ఒక ఫిల్టర్ ఉందని. చనిపోయాక కళ్ళు కోసి చూడమన్నాడు. 1844లో చూస్తే ద్రవం స్వచ్ఛంగా ఉంది. దాచిపెట్టిన ఆ కంటి ముక్కలోని డీఎన్‌ఏని 1995లో పరీక్షిస్తే 530 కోన్ లేదని తేలింది. ఫిల్టర్ వల్ల రాని లోపం ఫిల్టర్‌తో పూర్తిగా పోదు. డాల్టన్ ఇవాళ ఉండి ఈ జోడు కొన్నా ఆయనకి పెద్దగా ఒరిగేది లేదు.

కొనే ముందు చేయాల్సిన పరీక్ష

ముందు కంటి డాక్టరు దగ్గర లేదా ఆప్టోమెట్రిస్ట్ దగ్గర రకం తేల్చుకోవాలి. అందరికీ తెలిసింది ఇషిహారా పుస్తకం, రంగు చుక్కల మధ్య అంకె దాగి ఉండే పలకలది. జపాన్‌కి చెందిన షినోబు ఇషిహారా 1917లో తెచ్చింది. పూర్తి సంపుటిలో 38 పలకలు. పుస్తకం కంటికి 75 సెంటీమీటర్ల దూరంలో, చూపుకి లంబంగా, పగటి వెలుగులో ఉండాలి. ఒక్కో పలకకి మూడు సెకన్లు. మొదటి పలకలోని 12 అందరికీ కనిపిస్తుంది. అది కూడా చదవకపోతే చూపులో ఇంకేదో ఇబ్బంది ఉందనో, పరీక్ష అర్థం కాలేదనో లెక్క. ఫోన్లో ఇషిహారా బొమ్మలు చూసి నిర్ణయానికి రాకండి, తెర రంగులు అచ్చు రంగులు కావు. ఈ పుస్తకం లోపం ఉందా లేదా అన్నది బాగా చెబుతుంది, తీవ్రత అంతగా చెప్పదు. తీవ్రతకి 15 రంగు బిళ్ళలని వరసగా పేర్చే డీ-15 పరీక్ష అడగండి. కోన్ జరిగిందా, లేనేలేదా అన్నది ఖాయంగా తేల్చేది అనామలోస్కోప్. అందులో పసుపు వెలుగుకి సరిపోయేలా ఎరుపు, ఆకుపచ్చ వెలుగులని కలపమంటారు. అది పెద్ద ఆసుపత్రుల్లో, పరిశోధన సంస్థల్లోనే దొరికే పరికరం.

ఇక్కడ ఒక మోసం గురించి గట్టిగా చెప్పాలి. షాపులో జోడు పెట్టి ఇషిహారా పలక చూపించి ‘అంకె కనపడింది కదా’ అంటారు. ఆ చుక్కల పరీక్షని పెళ్ళి పత్రిక మీద చుట్టే ఎర్ర జిలుగు కాగితంతో కూడా దాటేయొచ్చు. ఎర్ర ఫిల్టర్‌లోంచి చూస్తే ఆకుపచ్చ చుక్కలు నల్లబడతాయి, ఎర్ర చుక్కలు వెలుగుతాయి. రంగు తెలియకపోయినా వెలుగు తేడాతో అంకె చదివేయొచ్చు. అంకె కనపడినంత మాత్రాన రంగు కనపడినట్టు కాదు. ఇది తెలిసి కూడా ఇషిహారాతో అమ్మే షాపు నుంచి వచ్చేయండి.

దానికి బదులు మీ వస్తువులు మీరు తీసుకెళ్ళండి. మీరు రోజూ పొరబడే జతలు ఒక సంచిలో వేసుకోండి: పచ్చిమిర్చి, పండుమిర్చి, దోరగా ఉన్న టమాటా, పండినది, గోధుమ రంగు దారం, ఆకుపచ్చ దారం, లేత గులాబీ గుడ్డ, బూడిద రంగు గుడ్డ, నీలం, ఊదా. కనీసం ఆరు జతలు ఉండాలి, అందులో రెండు మీకు జోడు లేకుండా తేలిగ్గా తెలిసేవి కావాలి. షాపు బయట ఎండలో, పది గంటల నుంచి నాలుగింటి మధ్య చూడండి. లోపల చౌక ఎల్‌ఈడీ దీపాల వెలుగులో ముదురు ఎరుపు చాలా తక్కువ. లోపలికే రాని ఎరుపుని అద్దం వేరుచేయలేదు. ఇరవై నిమిషాలు జోడు అలవాటు చేసుకున్నాక, తోడు వచ్చినవాళ్ళని ఒక్కో వస్తువు ముందు పెట్టమని రంగు పేరు చెప్పండి. తర్వాత జోడు తీసి, వస్తువుల వరస మార్చి మళ్ళీ చెప్పండి. జోడుతో కొత్తగా ఎన్ని సరిపోయాయి, ముందు తెలిసినవి ఎన్ని పోయాయి, రెండూ రాసుకోండి. ఒకే వస్తువుని రెండోసారి వరసగా చూపిస్తే ఆకారంతో, జ్ఞాపకంతో చెప్పేస్తారు కాబట్టి దారాలు, గుడ్డముక్కలు ఎక్కువ ఉంచడం మంచిది.

నకిలీని పట్టడానికి పాత సీడీ చాలు. గుండ్రటి పాత ఫిలమెంట్ బల్బు వెలిగించి, దాని వెలుగు సీడీ మీద పడి ఇంద్రధనుస్సు పట్టీ కనిపించేలా వంచండి. కంటికీ సీడీకీ మధ్య అద్దం పెట్టండి. నాచ్ ఫిల్టర్ అయితే పట్టీలో పసుపు, నారింజ దగ్గర నల్లటి చార పడుతుంది. ఉత్తి టింట్ అయితే పట్టీ ఒక వైపంతా నెమ్మదిగా మసకబారుతుంది, చార ఉండదు. సీఎఫ్‌ఎల్ బల్బుతో చేస్తే దాని పట్టీలో ముందే ఖాళీలుంటాయి, ఏదీ తేలదు. ఎండని సీడీ మీద పెట్టి కళ్ళతో చూడకండి.

ఎక్కడ దెబ్బ తింటుంది

రాత్రి బండి నడిపేటప్పుడు వద్దు. వెలుగుని కోసే అద్దం ఏదైనా చీకట్లో చూపుని తగ్గిస్తుంది, బయట వాడకానికి చేసిన జోళ్ళు కూలింగ్ గ్లాసుల్లాగే ముదురుగా ఉంటాయి. పగటి పూట కూడా ఒక చిక్కు ఉంది. ఎల్‌ఈడీ పసుపు సిగ్నల్, బండ్ల ఇండికేటర్లు 590 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి, ఫిల్టర్ కోసేది సరిగ్గా ఆ ప్రాంతాన్నే. పెట్టుకుని కూడలి దగ్గర నిలబడి పసుపు దీపం ఎంత తగ్గుతుందో ముందు చూసుకోండి, ఆ తర్వాతే స్టీరింగ్ దగ్గర కూర్చోండి. సిగ్నల్ విషయంలో కలర్ బ్లైండ్ డ్రైవర్లకి ఇప్పటికే మంచి ఆసరా ఉంది: పైన ఎరుపు, కింద ఆకుపచ్చ, పైగా ఆకుపచ్చ దీపంలో నీలం ఛాయ ఉండేలా చేస్తారు. ఆ స్థానాన్ని నమ్ముకోవడమే జోడు కంటే భద్రం.

ఒక కంటికి ఎర్ర లెన్స్ అనే పద్ధతి పాతది. రెండు కళ్ళ ముందు రెండు రంగుల ఫిల్టర్లు పెట్టి పోల్చుకోవచ్చని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1850 దశకంలోనే చెప్పాడు, 1971లో ఎక్స్-క్రోమ్ అనే కాంటాక్ట్ లెన్స్ వచ్చింది. రంగుల జతలు విడదీయడంలో ఇది కొందరికి నిజంగానే పనిచేస్తుంది. కానీ దూరం అంచనా తప్పుతుంది. వెలుగు తగ్గిన కంటి నుంచి కబురు మెదడుకి కాస్త ఆలస్యంగా చేరుతుంది. అటూ ఇటూ తిన్నగా ఊగే లోలకం ఆ కారణంగా ముందుకీ వెనక్కీ గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. దీన్ని 1922లో వివరించిన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ పుల్‌ఫ్రిక్‌కి ఒక కన్ను కనిపించదు, తాను వివరించినదాన్ని తాను చూడలేకపోయాడు. అడ్డంగా దూసుకొచ్చే ఆటో ఉన్న చోటు కంటే దగ్గరగానో దూరంగానో కనిపిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ లెన్స్ పెట్టుకుని రోడ్డు మీదికి, మెట్ల మీదికి, క్రికెట్ మైదానంలోకి వెళ్ళకూడదు. రంగులు చూసే బల్ల దగ్గర కూర్చుని వాడుకోవచ్చు.

పవర్ ఉన్నవాళ్ళు మామూలు కళ్ళజోడు మీద తగిలించే క్లిప్ తీసుకోవడం కంటే పవర్‌తో చేయించుకోవడం మంచిది. క్లిప్ పక్కల నుంచి వడపోత లేని వెలుగు వచ్చి కన్ను అలవాటు పడడం చెడుతుంది. అదే కారణంగా ఫ్రేమ్ చిన్నది కాకుండా ముఖానికి దగ్గరగా, వెడల్పుగా ఉండాలి.

పని దగ్గర

కరెంటు పని చేసేవాళ్ళకి నా సలహా ఒక్కటే: ఈ జోడుని నమ్మి వైరు పట్టుకోకండి. ఇళ్ళలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. 560 కోన్ లోపం (ప్రొటానమలీ, ప్రొటనోపియా) ఉన్నవాళ్ళకి ఎరుపు, నలుపు కలిసిపోతాయి, 530 కోన్ లోపం (డ్యూటరానమలీ, డ్యూటరనోపియా) ఉన్నవాళ్ళు ఎరుపు, ఆకుపచ్చ దగ్గర పొరబడతారు. పాత వైరింగ్‌లో రంగు వెలిసి కూడా ఉంటుంది. టెస్టర్ పెట్టి, మీటరుతో సరిచూసి, టేపు మీద అక్షరం రాసి అంటించాలి. రంగు గీతలని బట్టి విలువ చదివే రెసిస్టర్ల దగ్గర కూడా అంతే: గోధుమ-నలుపు-ఎరుపు అయితే 1 కిలో ఓమ్, గోధుమ-నలుపు-ఆకుపచ్చ అయితే 1 మెగా ఓమ్. ఒక్క గీత పొరబడితే వెయ్యి రెట్లు తేడా, మల్టీమీటరు పెడితే రెండు సెకన్లలో తేలిపోతుంది.

ఇంటర్నెట్ కేబుళ్ళలోని ఫైబర్ కలిపే కుర్రాళ్ళకి మాత్రం జోడు పరీక్షించి చూడమంటాను. 12 ఫైబర్ల వరస నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, లేత నీలం. ఇందులో ఆకుపచ్చ-గోధుమ, నీలం-ఊదా, బూడిద-గులాబీ జతలే తరచుగా తప్పేవి. ఆరు అంగుళాల కేబుల్ ముక్క షాపుకి తీసుకెళ్ళి జోడుతో, జోడు లేకుండా వరస చెప్పి చూడండి. మూడు జతల్లో రెండు విడిపోయి, కొత్తగా ఏదీ కలవకపోతే డబ్బు పెట్టొచ్చు. స్తంభం మీద పనిలో వెలుగు మారుతూ ఉంటుంది కాబట్టి పగటి వెలుగుకి దగ్గరగా ఉండే మంచి టార్చి కూడా అవసరం.

మిర్చి దగ్గర ఫలితం రెండు రకాలు. చెట్టు మీద ఆకుల మధ్య పండుకాయ వెతకడంలో ఎండలో జోడు కొందరికి బాగా సాయపడుతుంది. కల్లంలో తాలు కాయలు ఏరడానికి దీని అవసరమే లేదు, తాలు తెల్లగా తేలిపోతుంది, అది వెలుగు తేడా కాబట్టి కలర్ బ్లైండ్ కంటికి కూడా తెలుస్తుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్ చేసే పిల్లలకి జోడు పెట్టకండి. ఆఖర్లో రావాల్సింది లేత గులాబీ ఛాయ, అద్దమే ఆ ఛాయలో ఉంటే తేడా ఇంకా తగ్గొచ్చు. ఫ్లాస్క్ కింద తెల్ల టైల్ పెట్టి, పక్కనే ముందు చేసిన నమూనాని ఉంచి పోల్చుకోవడం సరైన పద్ధతి.

ఉద్యోగాల మెడికల్ పాసవడానికి ఈ జోడు కొనేవాళ్ళూ ఉన్నారు. రైల్వే, విమానయాన పరీక్షల్లో ఇవి పెట్టుకోనివ్వరు, ఒప్పుకోకపోవడం సబబే. 1875లో స్వీడన్‌లో జరిగిన రైలు ప్రమాదం తర్వాత హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త రంగు ఉన్ని పోగులతో రైల్వే సిబ్బందిని పరీక్షించడం మొదలుపెట్టాడు, రైల్వేలో రంగు చూపు పరీక్షలకి మూలం అది. రోడ్డు మీద మాత్రం మన దేశంలో నిబంధన సడలింది: 2020 జూన్ నుంచి కొద్దిపాటి, మధ్యస్థ లోపం ఉన్నవాళ్ళు డ్రైవింగ్ లైసెన్సుకి అర్హులు. 2022లో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కలర్ బ్లైండ్ అభ్యర్థికి ప్రవేశం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. రంగు చూపు లోపం పేరుతో ఉద్యోగం నుంచి తీసేసిన ఆర్టీసీ డ్రైవరుకి వేరే తగిన ఉద్యోగం ఇవ్వాలని 2025లో తెలంగాణ ఆర్టీసీని అదే కోర్టు ఆదేశించింది. మీ మీద వేటు పడే పరిస్థితి వస్తే జోడు షాపు కంటే ముందు ఈ తీర్పులు తెలిసిన వకీలు దగ్గరికి వెళ్ళండి.

డబ్బు పెట్టకుండా

ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి కలర్ కరెక్షన్ నొక్కితే డ్యూటరానమలీకి, ప్రొటానమలీకి విడివిడి ఎంపికలుంటాయి. ఐఫోన్‌లో డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ కింద కలర్ ఫిల్టర్స్. తెర మీది మ్యాపులు, గ్రాఫులు, ఎక్సెల్ గడులు విడదీయడానికి జోడు కంటే ఇవే మెరుగు, ఎందుకంటే ఫోన్ వెలుగుని కోయడమే కాకుండా మార్చి చూపించగలదు. బట్టల రంగు అడగడానికి కెమెరా పెడితే పేరు చెప్పే యాప్‌లు కూడా ఉచితంగా దొరుకుతాయి, పగటి వెలుగులో వాడితే చాలావరకు సరిగానే చెబుతాయి.

లేని కోన్‌ని నిజంగా కలిపిన సందర్భం ఒకటుంది. 2009లో అమెరికా పరిశోధకులు పుట్టుకతో ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియని స్క్విరల్ మంకీల కళ్ళలోకి జన్యువు ఎక్కించారు, పెద్ద వయసు కోతులు ఆ తర్వాత కొత్త తేడాలు గుర్తుపట్టాయి. అందులో ఒక కోతి పేరు డాల్టన్. మనుషులకి ఈ చికిత్స ఇంకా అమ్మకానికి లేదు, ఉందని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి.

డ్యూటరానమలీ, ప్రొటానమలీ ఉండి, పగటి వెలుగులో చేసే పని ఒకటి గట్టిగా ఇబ్బంది పెడుతూ, సంచిలో తీసుకెళ్ళిన జతల్లో సగానికి పైగా విడిపోయిన వాళ్ళు నాచ్ ఫిల్టర్ జోడు కొనుక్కోవచ్చు. వాపసు గడువు కనీసం రెండు వారాలు రాయించుకోండి, ఆ రెండు వారాలూ రోజూ కొన్ని గంటలు పెట్టుకుని జతల పరీక్ష మళ్ళీ చేయండి. డ్యూటరనోపియా, ప్రొటనోపియా ఉన్నవాళ్ళకి ఈ ఖర్చు దండగ. టింట్ అద్దాలు ఎవరికీ అక్కర్లేదు.

చిన్నపిల్లలకి జోడు కొనే ముందు బడి సంగతి చూడండి. అయిదారేళ్ళకి, బడిలో వేయకముందే ఇషిహారా చేయించొచ్చు. అంకెలు రాని పిల్లలకి వేలితో గీత వెంట నడిపించే పలకలు అందులోనే ఉన్నాయి. లోపం ఉందని తేలితే టీచరుకి చెప్పి, క్రేయాన్ల మీద రంగు పేర్లు తెలుగులో రాసి అంటించండి. ఎర్ర పెన్నుతో దిద్దిన మార్కులు ఆ పిల్లాడికి నలుపులో కలిసిపోవచ్చు కాబట్టి నీలం పెన్నుతో దిద్దమని అడగండి.